పెరటి సిల్కీ కోళ్ళు: గూడు, సంరక్షణ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



పంచాయతీ పనులన్నంతనే వీధి దీపములు, మురుగు కాలువలు, మంచినీటి కొళాయిలు మనకు జ్ఞప్తికి వచ్చును. పంచాయతీ సభలో కోళ్ళ ప్రసక్తి తెచ్చినచో కొందరు నవ్వుకొనవచ్చును. కాని 1993 ఏప్రిల్ 24వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలును చూడుడు. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందున్నవి. వానిలో నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ళ పెంపకము. కావున కోడి మీ కార్యక్రమములోనిదే. దానిని గూర్చి మీ సభలో మాట్లాడుటకు సంకోచపడ నక్కరలేదు.

ఇంకొక కారణము కూడ కలదు. ధాన్యము అమ్మిన డబ్బు ఇంటి యజమాని చేతికి పోవును. గ్రుడ్లు, పుంజులు అమ్మిన డబ్బు మాత్రము సాధారణముగ ఇల్లాలి కొంగున ముడిపడును. పిల్లవాని పుస్తకమునకు, అత్తగారి మందుబిళ్ళలకు, సంతలో ఉప్పు పప్పులకు ఆ ముడి విప్పుదురు. తెగులు తగిలి ఒక్క వారములో దొడ్డి ఖాళీ అయినచో ఎవరి చేతిలోని డబ్బు పోవునో ఇచ్చట కూర్చున్న సోదరీమణులకు మేము వేరుగ చెప్పవలసిన పని లేదు.

నేడు మేము ముఖ్యముగ సిల్కీ కోళ్ళను గూర్చి మాట్లాడ దలచితిమి. కొంత కాలముగ గ్రామములకు పోయినప్పుడెల్ల ఈ కోళ్ళను గూర్చి ప్రశ్నలు వచ్చుచున్నవి. తెల్లని దూదిముద్ద వలె నుండు ఈ కోడి బొమ్మను సెల్‌ఫోనులో చూపి, "దీనిని పెంచినచో లాభమున్నదా?" అని అడుగుచున్నారు. లాభమున్నది. అయితే అమ్మజూపువారు చెప్పెడి లాభము వేరు, పెరటిలో నిజముగ కలుగు లాభము వేరు. ముందు ఈ కోడి ఎట్టిదో తెలిసికొందము.

సిల్కీ చీనా దేశపు కోడి. 13వ శతాబ్దపు చివర చీనాలో సంచరించిన మార్కోపోలో పిల్లి బొచ్చు వంటి బొచ్చు గల నల్ల కోళ్ళను గూర్చి తన యాత్రాగ్రంథమున ప్రస్తావించెను. అవి ఈ జాతి కోళ్ళేయని పలువురి అభిప్రాయము. సాధారణముగ కోడి ఈకలోని పోగులను ఒకదానితో నొకటి పట్టి యుంచు సన్నని కొక్కెములుండును. సిల్కీ ఈకలకు ఆ కొక్కెములు లేవు. అందువలన పోగులు విడివిడిగ పట్టుదారముల వలె వ్రేలాడును. పైకి ఏ రంగుదైనను లోపలి చర్మము నలుపు, ఎముక నలుపు, మాంసము నీలి నలుపు. చెవి తమ్మెలు నీలము. తలపై ఒత్తైన జుట్టు, కాళ్ళపై పాదముల వరకు ఈకలు ఉండును. వ్రేళ్ళు ఐదు. మన కోళ్ళకు నాలుగే గదా!

ఈ ఐదు వ్రేళ్ళ సంగతి గుర్తుంచుకొనుడు. మధ్యప్రదేశములోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కూడ నల్ల మాంసపు కోడియే; దానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని దాని ఈకలు మామూలు ఈకలు, వ్రేళ్ళు నాలుగు. ఒకదాని పేరు చెప్పి వేరొకదానిని అంటగట్టువారు సంతలలో లేకపోలేదు. మరొక మోసము ఇంకను సూక్ష్మమైనది. సిల్కీ పుంజును నాటు పెట్టతో కలిపినచో పుట్టెడి పిల్లలకు పట్టు ఈకలు రావు. తల్లిదండ్రులిద్దరి నుండియు ఆ గుణము వచ్చినప్పుడే పిల్లకు అట్టి ఈకలు వచ్చును. "ఇప్పుడు మామూలుగ నున్నను పెద్దదైన పిదప పట్టు ఈకలు వచ్చు"నని చెప్పి అమ్మెడివాని మాట నమ్మరాదు. పుంజో పెట్టో తెలియుటకు కూడ ఈ జాతిలో ఐదారు నెలలు పట్టును. కావున "అన్నియు పెట్టలే" యని పలికి చిన్న పిల్లలను అమ్మువానితో బేరము సాగింపకుండుటయే మేలు.

ఇక లాభము సంగతి. సిల్కీ చిన్న కోడి. సాధారణముగ కిలో, కిలోన్నర మధ్య తూగును. ఏటికి సుమారు 100 నుండి 120 వరకు చిన్న గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల కొరకే అయినచో హైదరాబాదు రాజేంద్రనగరమున నున్న కోళ్ళ పరిశోధన సంస్థవారు రూపొందించిన గ్రామప్రియ పెట్ట అంతకు చాల ఎక్కువ పెట్టగలదు. మాంసము కొరకైనచో వారి వనరాజా త్వరగా బరువు పట్టును. నల్ల మాంసము సర్వరోగములను మాన్పునని ప్రచారము చేయువారున్నారు. చీనాలో బాలింతలకు దీని చారు పోయు ఆచారమున్న మాట నిజమే. కాని ఆచారము వేరు, ఔషధము వేరు. ఆ మాట నమ్మి అప్పు చేసి వంద జతలు తెచ్చుట తగదు. 2012 ప్రాంతమున ఈము పక్షుల వ్యాపారము కుప్పకూలిన సంగతి మీలో చాలమందికి గుర్తుండును. పెంచిన పక్షులను తిరిగి మేమే కొందుమని కాగితము వ్రాసి యిచ్చిన వారు పలువురు తరువాత కానరాలేదు. మేత పెట్టలేక పక్షులను వదలివేసిన రైతులు నష్టమును మోసిరి. సిల్కీలను గూర్చి అటువంటి కాగితము పట్టుకొని ఎవరైన మీ గ్రామమునకు వచ్చినచో, ముందు పంచాయతీ సభలో నిలబెట్టి వివరములడుగుడు.

మరి సిల్కీ దేనికి పనికివచ్చును? పొదుగుటకు. ఈ విషయమున దీనిని మించినది లేదని చెప్పవచ్చును. కొన్ని గ్రుడ్లు పెట్టినంతనే గంపలో కూర్చుండును, లేపినను లేవదు, తన గ్రుడ్లేనా, పరాయివా యని చూడదు, బాతు గ్రుడ్లు పెట్టినను పొదిగి పిల్లలను తన వెంట త్రిప్పుకొనును. వనరాజా, గ్రామప్రియ వంటి మెరుగు జాతుల పెట్టలు గ్రుడ్లు పెట్టుటయే గాని సాధారణముగ పొదుగుటకు కూర్చుండవు. అందుచేత వాని పిల్లల కొరకు రైతులు మాటిమాటికి పట్నము పోవలసి వచ్చుచున్నది. పెరటిలో రెండు మూడు సిల్కీ పెట్టలున్నచో ఏ జాతి గ్రుడ్లనైనను ఇంటనే పొదిగించుకొనవచ్చును. ఇంటికి రెండు మూడు చాలును, ఇరువది అనవసరము. నాటు పెట్ట చక్కగా పొదుగుచున్న ఇంట సిల్కీ లేకున్నను లోటు లేదని కూడ చెప్పుచున్నాము.

పొదిగించు విధము మన స్త్రీలకు తెలిసినదే గనుక క్లుప్తముగ చెప్పెదము. గ్రుడ్లు వారము దినములకు మించి నిలువయుంచినవి కారాదు; వేసవిలో మూడు నాలుగు దినములకు మించరాదు. సిల్కీ శరీరము చిన్నది గనుక పెద్ద జాతి గ్రుడ్లు ఆరు మొదలు ఎనిమిది వరకే పెట్టవలెను. ఆశపడి పన్నెండు పెట్టినచో అంచున నున్నవి చల్లబడి చెడును. రాత్రివేళ కూర్చుండబెట్టిన పెట్ట స్థిమితముగ నుండును. ఏడవ దినమున చీకటిలో టార్చి దీపము ముందు గ్రుడ్డు నుంచి చూచినచో, జీవమున్న దానిలో సన్నని నరములు కనబడును, లేనివి తీసివేయవచ్చును. 21వ దినమున పిల్లలు వెలువడును. సిల్కీ పెట్టను గూర్చి ఒక హెచ్చరిక మాత్రము చెప్పవలెను. అది పొదుగుటలో పడి మేత నీరు మరచును. దినమునకొకసారి చేతితో లేపి మేతకు వదలవలెను; లేనిచో ఎముకల గూడై పోవును.

ఇపుడు ముఖ్యమైన గూటి సంగతికి వచ్చెదము. నాటుకోడి రాత్రి చెట్టెక్కి బ్రతుకును. వాసముపైననో, బండి నొగపైననో కూర్చుండి తెల్లవార్చును. సిల్కీ ఎగురలేదు. దాని రెక్కలోని ఈకలు గాలిని పట్టలేవు. కుక్క వచ్చినను పిల్లి వచ్చినను నేలపైననే చిక్కును. పైగా కన్నులపై జుట్టు పడియుండుట వలన పైనుండి వచ్చు గద్దను, ప్రక్కనుండి వచ్చు ముంగిసను ఆలస్యముగ చూచును. వానకు తడిసినచో మన కోడి ఈకలు విదుల్చుకొని పోవును. సిల్కీ ఈకలు స్పంజి వలె నీరు పీల్చును. కావున గూడు లేనిదే ఈ కోడిని తేరాదు. ముందు గూడు కట్టి పిదప కోడిని తెచ్చుకొనవలెను.

పది పండ్రెండు కోళ్ళకు ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల గూడు చాలును, పగలు బయట తిరుగుట కవకాశమున్నచో. పగలంతయు మూసి యుంచవలసి వచ్చినచో గూటికి చేరువగ ఒక్కొక్క కోడికి నాలుగు చదరపుటడుగులకు తక్కువ కాకుండ వల కట్టిన ఆవరణము కావలెను. గూటి పొడవు తూర్పు పడమరలుగ నుండవలెను. అట్లున్నచో ఉదయపుటెండ, సాయంకాలపుటెండ ఇరుకు ప్రక్కలకే తగులును; పొడవు ప్రక్కల నుండి గాలి వీచును. నేల నుండి అడుగున్నర, రెండడుగుల ఎత్తున రాతి కూసముల మీదనో, తాటి దుంగల మీదనో అడుగు వేయవలెను. పందికొక్కు క్రిందినుండి త్రవ్వుకొని రాకుండుటకును, పాము సులువుగ ప్రాకకుండుటకును, వానకాలమున తేమ ఎక్కకుండుటకును ఇదియే ఉపాయము. అడుగుకు వెదురు దబ్బలు పరచిన, వాని సందులు సిల్కీ పాదపు ఈకలకు, లేత పిల్లల కాళ్ళకు తగులుకొనును. పైన గోనె పరచి ఊక పోయవలెను. పైకప్పు తాటాకుదైనను పెంకుదైనను సరే, కురియరాదు. రేకు వేయదలచినవారు దానిపై గడ్డి కప్పుట మరువరాదు. ఏప్రిల్, మే నెలలలో రేకు క్రింద ఉండు వేడిమికి బలిసిన నాటుకోడియే నోరు తెరచును. ఉన్ని బొంతను కప్పుకొన్నట్లుండు సిల్కీ మాట చెప్పనేల?

పొడవు ప్రక్కలకు సగము ఎత్తు వరకు మట్టిగోడయో తడకయో పెట్టి, పై సగమునకు ఇనుప వల కొట్టవలెను. వల కన్నులు అరంగుళమునకు మించరాదు. అంతకు పెద్దవైనచో పాము దూరును, పిల్లి పంజా చొరబడును. వాన జల్లు కొట్టు ప్రక్కన గోనెపట్టా పైకి చుట్టి యుంచి, అవసరమైనపుడు దింపుకొనవలెను. కొందరు చలికని, దొంగలకని గూటిని నాలుగు ప్రక్కల బిగించివేయుదురు. అట్టి గూటిలో రెట్టల ఘాటుకు కోళ్ళ కన్నులు మండి, ఊపిరి పట్టి జబ్బుపడును. మీరు గూటిలో తల పెట్టి చూచినపుడు మీ కన్నులు మండినచో ఆ గూటికి గాలి చాలదని గ్రహింపవలెను. ఇంతకు మించిన పరికరము అక్కరలేదు.

నాటుకోళ్ళకు అడ్డకర్ర రెండు మూడడుగుల ఎత్తున కట్టుదురు. సిల్కీలకు అడుగు ఎత్తున నాలుగంగుళముల వెడల్పు గల చెక్క వేసిన చాలును. చాల భాగము అదియు ఎక్కక, మూల చేరి ఒకదానిపై నొకటి పడి నిద్రించును. కావుననే నేల పొడిగ నుండుట ముఖ్యము. రెండు మూడంగుళముల మందమున వరి ఊకయో వేరుశనగ పొట్టో పోసి, రెండు దినములకొకసారి పారతో కలియబెట్టవలెను. చేతిలోనికి తీసికొని పిడికిలి పట్టినచో ముద్ద కట్టకుండ రాలిపోవలెను. ముద్ద కట్టినచో తీసివేసి క్రొత్తది పోయవలెను. తీసిన ఊక పెంటకుప్పకు మంచి ఎరువు. గ్రుడ్ల కొరకు అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పెట్టెలో గాని, పాత గంపలో గాని గడ్డి పరచి నేలమట్టముననే ఉంచవలెను. నలుగురు పెట్టలకొక గంప చాలును.

సంరక్షణలో సిల్కీకి ప్రత్యేకమైన పనులు కొన్ని కలవు. కన్నులపై పడు జుట్టును నెలకొకసారి కత్తెరతో కొద్దిగ కత్తిరించినచో మేతను చక్కగా చూడగలదు. వెడల్పు పళ్ళెములో నీరు పోసినచో జుట్టు, గడ్డము తడిసి కన్నులు కుసియును. నోరు సన్నగనున్న మట్టి ముంతలో నీరుంచవలెను. వానకాలమున పాదముల ఈకలకు బురద అంటి గట్టిపడును. సాయంకాలము గూటికి మూయునపుడు కాళ్ళు చూచి కడిగి తుడువవలెను. ఒత్తైన ఈకలలో కోడిపేలు కనబడకుండ పెరుగును. గూటి ప్రక్కన నీడలో ఒక గోతిలో పొయ్యి బూడిద, ఇసుక కలిపి పోసినచో కోళ్ళే పొర్లి పేలను వదల్చుకొనును. ఆ గోతిపై వాన పడకుండ చూడవలెను, అంతే.

ముఖ్యమైన మాట యొకటి. అసీలు జాతి, అనగా మన పందెపు జాతి పుంజులున్న దొడ్డిలో సిల్కీలను కలుపరాదు. అసీలు పుంజు నాలుగైదు కిలోలు తూగును. సిల్కీలలో చాలవాని పుర్రె పైభాగము జుట్టు క్రింద పూర్తిగ మూసికొనక మెత్తగ నుండును. ఆ చోట ఒక్క ముక్కుపోటు పడినను పక్షి మెడ వాలి చచ్చును. అదియు సమముగ పోరాడునని తలచి ఒకే గూటిలో వేయుట దానిని చంపుకొనుటయే.

మేతను గూర్చి కోళ్ళకే తెలియును. దొడ్డిలో చెదలు, పురుగులు, గింజలు ఏరుకొనును. సిల్కీ దూరము పోదు గనుక దానికి ఇంటి మేత కొంచెమెక్కువ కావలెను. పూటకొక గుప్పెడు నూకలు, జొన్నలు, తవుడు, తరిగిన మునగాకు, గ్రుడ్లు పెట్టు పెట్టలకు దంచిన నత్తగుల్ల చాలును. బూజు పట్టిన మొక్కజొన్నను, వేరుశనగ పిండిని "మనుష్యులకు పనికిరాదు, కోళ్ళకు వేయుద"మని వేయుట చాల ఇండ్లలో చూచుచున్నాము. ఆ బూజులోని విషము కోడి కాలేయమును చెరచును. పారవేయుట మేలు.

ఇక జబ్బుల మాట. సిల్కీలకు మారెక్ జబ్బు త్వరగా తగులును. ఎదిగెడి వయసున ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి పడిపోవుట దీని గుర్తు. దీనికి టీకా పిల్ల పుట్టిన దినముననే వేయవలెను గనుక, పిల్లలను కొనునపుడు ఆ టీకా వేసినది లేనిది అడిగి కొనుడు. కాని దొడ్డిని ఊడ్చివేయునది కొక్కెర తెగులు. 1927–28 ప్రాంతమున కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో గుర్తించిరి గనుక దీనికి రాణీఖేత్ జబ్బని కూడ పేరు. పచ్చగ, తెల్లగ పారుట, నోరు తెరచి గురకపెట్టుట, మెడ మెలిపడుట దీని లక్షణములు. టీకా లేని మందలో పదింట ఎనిమిదియో తొమ్మిదియో పోవును. సోకిన పిదప మందు లేదు. పసరులు, వెల్లుల్లి, కారము పోసి కాలము వృథా చేయువారిని చూచి మేము బాధపడుచున్నాము. ఆ గంటలలోనే తెగులు ప్రక్క దొడ్డికి పోవుచున్నది.

టీకా కలదు. పిల్లకు 5 మొదలు 7 దినముల వయసున లసోటా మందు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేయవలెను. నాలుగు వారములకు మరల వేయవలెను. ఎనిమిది వారములు నిండిన పిదప ఆర్.టు.బి. అనెడి టీకాను రెక్క క్రింద సూదితో వేయవలెను. ఆ పిదప ఆరు నెలలకొకసారి వేయించుచుండవలెను. ఖర్చు చూచినచో కోడికి గ్రుడ్డు వెల కూడ కాదు. మరి గ్రామములలో ఎందుచేత వేయించుట లేదు? తప్పంతయు ప్రజలదని మేమనము. టీకా మందు వంద, రెండు వందలు, ఐదు వందల కోళ్ళకు సరిపడు సీసాలలో వచ్చును. దానిని మంచు పెట్టెలో తేవలెను. నీరు కలిపిన పిదప రెండు గంటలలో వాడవలెను, మిగిలినది పారబోయవలెను. ఎనిమిది కోళ్ళున్న ఇల్లాలు ఒంటరిగ పోయి అడిగినచో ఆమె కొరకు ఆ సీసా ఎవరు విప్పుదురు? ఇరుగు పొరుగు ఇండ్లన్నియు ఒకే ఉదయమున సిద్ధపడినప్పుడే అది సాధ్యము. ఇండ్లన్నిటిని ఒకే దినమునకు సిద్ధపరుపగలది పంచాయతీ యొక్కటియే. ఒక్క ఇంటివారు వేయించుకొనక పోయినను తెగులు ఆ దొడ్డిలో దాగి, టీకా తరువాత పుట్టిన పిల్లలకు సోకును.

బర్డ్ ఫ్లూ మాట కూడ చెప్పక తప్పదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను ఇది వచ్చినది. కొక్కెరకును దీనికిని తేడా చూపుతో చెప్పలేము. కావున ఏ దొడ్డిలోనైనను ఒకటి రెండు దినములలో నాలుగైదు కోళ్ళు చచ్చినచో ఆ సంగతి పంచాయతీకి, పంచాయతీ నుండి పశువైద్యశాలకు అదే దినమున చేరవలెను. చచ్చిన కోడిని కాలువలో వేయుట, కుక్కలకు వేయుట, జబ్బు కోడిని తక్కువ వెలకు సంతలో అమ్ముట, ఈ మూడింటిని మీ గ్రామమున మాన్పించుడు. వైద్యుడు చూచువరకు దానిని వట్టి చేతులతో ముట్టక, గోనె కప్పి కుక్కలకు అందకుండ ఉంచి, ఆయన చెప్పినట్లు లోతైన గోతిలో సున్నము చల్లి పాతిపెట్టవలెను.

టీకా దినమును ఏర్పాటు చేయు విధము ఇది. వేసవి ముదురక ముందొకసారి, వానకాలము చివర నొకసారి పశువైద్యునితో మాట్లాడి తేదీ నిర్ణయింపుడు. అంతకు వారము ముందే వార్డు సభ్యులు ఇంటింటికి పోయి కోళ్ళ సంఖ్య వ్రాసికొనవలెను; ఆ లెక్కను బట్టియే సీసాలు తెచ్చుట. జబ్బుగ నున్నవానికి టీకా వేయరాదు గనుక అట్టి ఇండ్లను వేరుగ గుర్తింపవలెను. మహిళా సంఘముల సభ్యురాండ్రలో నలుగురైదుగురికి కోడిని పట్టుకొను తీరు, చుక్క వేయు తీరు పశువైద్యుని చేత నేర్పించినచో పని సగమగును. ముందునాటి సాయంకాలము చాటింపు వేయించునపుడు, తెల్లవారుజామున గూటి తలుపులు తీయరాదని తప్పక చెప్పింపుడు. సిల్కీని ఎప్పుడైనను పట్టుకొనవచ్చును గాని, గూటి నుండి బయటపడిన నాటుకోడిని పట్టుకొనునప్పటికి సీసాలోని మందు గడువు దాటిపోవును.